మావయ్య సోడాబుడ్డికి ఇత్తడి చక్రాలు

టెక్కలిలో మా మేనమామకు ఈ ఏడాది భీమరథ శాంతి జరిగింది. డెబ్భయ్యేళ్ళ మనిషికి, అందునా ఏది ఇచ్చినా "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా" అని పక్కన పెట్టేసే మనిషికి, ఏమి ఇవ్వాలన్న ఆలోచన రెండు నెలల ముందు నుంచే నన్ను పట్టుకుంది. బట్టలు పెట్టడం ఎలాగూ ఉంటుంది. వెండి గ్లాసు అక్క ఇస్తానంది. నాకు మాత్రం నా చేతులతో చేసినదీ, ఆయన జీవితంలో నుంచే వచ్చినదీ అయిన వస్తువు ఒకటి ఇవ్వాలని ఉండేది. అటువంటి వస్తువు శ్రీకాకుళంలో మా ఇంటి అటక మీదే, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాన్ల మధ్య, పాత చీరముక్కలో చుట్టి ఉంది. అది తాతయ్య దుకాణంలోని గోలీసోడా బుడ్డి.

తాతయ్య టెక్కలిలో స్టేషనుకు వెళ్ళే దారిలో సోడా దుకాణం నడిపేవారు. మావయ్య బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గోడకు తగిలించి, సోడా మిషను పిడి పట్టుకుని తిప్పేవారట. నౌపడ నుంచి పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు వచ్చే వేళకు రెండు సోడాలు పట్టుకుని ఇంజను దగ్గరకు పరుగెత్తడం కూడా ఆయన పనే. డ్రైవరు, ఫైర్‌మన్ సోడా తాగి బుడ్డి తిరిగి ఇచ్చేదాకా ఆయన ఇంజను మెట్టు మీద నిలబడి, లోపలి గొట్టాలనూ, మీటర్లనూ, గాజు గొట్టంలో ఊగే నీటినీ చూస్తూ ఉండేవారు. ఈ సంగతి ఆయన నాకు చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. బుడ్డిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ గొట్టాలూ మీటర్లే నాకు గుర్తుకొచ్చాయి. దానిని స్టీమ్‌పంక్ పద్ధతిలో అలంకరించాలన్న నిర్ణయం అప్పుడే జరిగిపోయింది.

ఈ పేరు కొత్తగా వినేవారి కోసం కొంచెం చెప్పాలి. ఆవిరి యంత్రాలే లోకాన్ని నడిపిన కాలాన్ని, ముఖ్యంగా 1837 నుంచి 1901 వరకు సాగిన విక్టోరియా రాణి పాలనాకాలాన్ని, ఊహలో మరింత ముందుకు సాగదీసి, కరెంటు బదులు ఆవిరితో, ప్లాస్టిక్కు బదులు ఇత్తడితో, రాగితో నడిచే ప్రపంచాన్ని కల్పించుకోవడమే స్టీమ్‌పంక్. 1987లో కె. డబ్ల్యు. జీటర్ అనే అమెరికా రచయిత లోకస్ పత్రికకు రాసిన లేఖలో, తానూ తన మిత్రులూ రాస్తున్న కథలకు ఒక పేరు కావాలని ఈ మాటను సూచించారు. కథల కోసం పుట్టిన ఆ మాట తరువాత దుస్తులకూ, నగలకూ, ఇంటి అలంకరణకూ పాకింది. పళ్ళచక్రాలు, రివెట్లు, రాగి గొట్టాలు, ఒత్తిడి చూపే మీటర్లు, కాస్త తుప్పు, కాస్త చిలుము, ఇవీ దాని ఆనవాళ్ళు.

ఇది మనది కాని వేషమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. విజయనగరం గంటస్తంభం 1885లో కట్టినది. ఆ ఎనిమిది పలకల స్తంభం కింద పూలు కొనని వాళ్ళు ఆ ఊళ్ళో ఉండరు. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు 1900లో మొదలైంది. పర్లాకిమిడి రాజావారి ఖర్చుతో వేసిన ఆ దారి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా వెళ్ళేది, 2004లో పెద్ద లైను పనుల కోసం ఆగేదాకా నడిచింది. ఇక గోలీసోడా బుడ్డి సంగతి చెప్పనే అక్కరలేదు. లండన్‌లో శీతల పానీయాల వ్యాపారం చేసే హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. మనం వేసవిలో నిమ్మకాయా ఉప్పూ వేయించుకుని తాగే సోడా వచ్చేది అచ్చమైన విక్టోరియా కాలపు యంత్రంలోనే.

యంత్రమన్న మాట తెలిసే అంటున్నాను. ఆ బుడ్డి మూతి లోపల ఒక గాడి, గాడిలో రబ్బరు వలయం, మెడలో ఒక గాజుగోలీ ఉంటాయి. సోడా నింపి బుడ్డిని తలకిందులు చేస్తే గోలీ జారి మూతికి చేరుతుంది, లోపలి గ్యాసు ఒత్తిడి దానిని రబ్బరు వలయానికి అదిమి పట్టి ఉంచుతుంది. బిరడా లేదు, మూత లేదు, లోపలున్నదే తనను తాను మూసుకుంటుంది. బొటనవేలితో నొక్కగానే గోలీ కిందికి జారి మెడలోని నొక్కుల మీద కూర్చుంటుంది. వంచి తాగేటప్పుడు మళ్ళీ మూతికి అడ్డం పడకుండా ఆ నొక్కులే ఆపుతాయి. మా చేతికొచ్చిన బుడ్డి లేత ఆకుపచ్చ గాజుది, అడుగున మందంగా, బరువుగా ఉంటుంది. కదిపితే గోలీ మెడలో గలగలమంటుంది. భుజం మీద ఉబ్బెత్తు అక్షరాలు అరిగిపోయి వేలికి తగులుతాయే తప్ప కంటికి ఆనవు.

ఉన్నది ఒక్కటే బుడ్డి కాబట్టి నేరుగా దాని మీద చెయ్యి పెట్టలేదు. ముందు ఒక ఖాళీ సాస్ సీసా తీసుకుని ప్రయత్నించాను, ఆ ప్రయత్నం మూడు చోట్ల చెడింది. ఆ మూడూ ఈ పని చేయదలచినవారికి ఉపయోగపడతాయి కనుక వివరంగా రాస్తాను.

మొదటిది రంగు. గాజు నున్నగా ఉంటుంది, నీటిని గానీ రంగును గానీ పీల్చుకోదు. నేను సీసాను కడిగి తుడిచి నేరుగా నల్ల అక్రిలిక్ రంగు వేశాను. ఆరాక చూడడానికి బాగానే ఉంది కానీ, మర్నాడు గోరు తగలగానే ఉల్లిపొరలాగా ఊడి వచ్చింది. రెండవది జిగురు. చక్రాలను చుక్క వేయగానే అంటుకునే పలుచని జిగురుతో అతికించాను. అది గట్టిగా పట్టినట్టే పట్టి, మూడోరోజు సీసాను బల్ల మీద కొంచెం గట్టిగా పెట్టేసరికి పెంకులా విడిపోయింది. పైగా అతికించిన చోటు చుట్టూ దాని ఆవిరి తగిలి గాజు మీద తెల్లని పొగచార ఏర్పడింది. మూడవ తప్పును నేను గమనించనే లేదు, దానిని మరొకరు చూపించారు.

చక్రాల కోసం ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక చిన్న వాచీల దుకాణానికి వెళ్ళాను. కీ ఇచ్చి తిప్పే పాత అలారం గడియారాలు బాగుచేయడానికి వీల్లేనివి దుకాణం ఆయన దగ్గర ఒక బిస్కెట్టు డబ్బా నిండా ఉన్నాయి. ఏమి చేస్తున్నానో చూపించడానికి సాస్ సీసాను వెంట తీసుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, వాచీని చూసినట్టే సీసాను తిప్పి తిప్పి చూశారు. దాని ముందు భాగంలో నేను మూడు చక్రాలను ముక్కోణంలా, పళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడేలా, ఎంతో జాగ్రత్తగా అమర్చాను. ఆయన వేలు వాటి మీద ఆగింది.

"ఈ మూడూ ఒకదాన్నొకటి కరిచీసుకున్నాయి కదమ్మా, ఇంక ఏటి తిరుగుతాయి?" అన్నారు.

ఆయన బల్ల మీద మూడు చక్రాలు పెట్టి చూపించారు. పక్కపక్కన ఉన్న రెండు చక్రాలు ఎప్పుడూ ఎదురెదురు దిశల్లోనే తిరుగుతాయి. మొదటిది కుడివైపు తిరిగితే రెండవది ఎడమవైపు తిరగాలి. మూడవది ఆ రెండింటినీ తాకితే, మొదటిదాని వల్ల ఎడమకూ, రెండవదాని వల్ల కుడికీ ఒకేసారి తిరగవలసి వస్తుంది. అది జరిగే పని కాదు కాబట్టి మూడూ బిగుసుకుపోతాయి. అదే మూడింటిని వరుసగా పెడితే చక్కగా తిరుగుతాయి. ఈ సంగతి తెలిశాక స్టీమ్‌పంక్ పేరుతో చేసిన అలంకరణలను చూస్తే ఎన్నింటిలో ఆ ముక్కోణమే ఉందో, ఎన్నింటిలో చక్రాలు పళ్ళు కలవకుండా బొత్తాల్లా చల్లి ఉన్నాయో కనబడుతుంది.

ఆ రోజు దుకాణం నుంచి తిరిగి వస్తూ ఒక నియమం పెట్టుకున్నాను: ఈ బుడ్డి మీద నేను అతికించే ప్రతి ముక్కకూ ఒక పని ఉండాలి. అది నిజంగా పనిచేయకపోవచ్చు, కానీ "ఇది ఇక్కడెందుకుంది" అని అడిగితే చెప్పడానికి జవాబు ఉండాలి. మావయ్య ఇంజను చూసిన మనిషి, సోడా మిషను తిప్పిన మనిషి. ఆయనకు ఇచ్చే యంత్రం, బొమ్మయంత్రమే అయినా, ఆయన కన్ను తప్పు పట్టేలా ఉండకూడదు. నిజానికి ఈ నియమం వల్లే పని సులువైంది. ఎక్కడ ఏది పెట్టాలన్న తికమక పోయింది, అనవసరమైనవి వాటంతటవే పక్కకు తొలగిపోయాయి.

బుడ్డి దిగువ సగం బాయిలరు. మెడా భుజమూ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, ఎందుకంటే గోలీ అక్కడే ఉంది, అక్షరాలూ అక్కడే ఉన్నాయి. సీసా మొత్తానికి రంగు పూసి గాజన్నదే కనబడకుండా చేయడం చాలామంది చేసే పని, నాకది నచ్చదు. గాజు కనబడనప్పుడు అది రేకు డబ్బా అయినా ఒకటే కదా. లోపల చిన్న దీపాల తీగ పెట్టమని అక్క కొడుకు సలహా ఇచ్చాడు గానీ, మెడలో గోలీ ఉండగా తీగ దిగదు, దిగినా ఆవిరి కాలపు వస్తువులో బ్యాటరీ దీపం నాకు సమ్మతం కాదు.

బుడ్డిని శుభ్రం చేయడానికి అమ్మ చెప్పిన పద్ధతే పాటించాను. గుప్పెడు బియ్యం, గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు వేసి గలగలా ఆడిస్తే లోపలి పాచి అంతా వదిలింది. తలకిందులుగా రెండు రోజులు ఆరబెట్టాను. రంగు వేయబోయే భాగాన్ని మాత్రం 400 నంబరు వాటర్ పేపరుతో, తడిపి, గాజు మెరుపు పోయి పాలపొరలా కనబడేదాకా రుద్దాను. గాజుపొడి గాలిలోకి లేవకుండా తడిపి రుద్దడమే మంచిది. తరువాత దూదితో స్పిరిట్ తుడిచి, ఆపైన ఇక చేతితో ముట్టుకోలేదు. వేలి నూనె చాలు, రంగు అక్కడ పట్టు తప్పుతుంది. దాని మీద ప్రైమరు, అంటే రంగు పట్టు కోసం అడుగున వేసే పూత, రెండుసార్లు, పూతకూ పూతకూ మధ్య ఒక పూట విరామం.

ప్రైమరు వేసే ముందే ఒక పని చేశాను, ఈ బుడ్డిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ఆవిరి ఇంజనులో నీటిమట్టం చూపే గాజు గొట్టం ఒకటి నిలువుగా ఉంటుంది. బాయిలరులో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో అందులోనూ అంతే ఎత్తున నిలుస్తాయి. ఫైర్‌మన్ కళ్ళు ఎప్పుడూ దాని మీదే ఉండాలి, ఎందుకంటే నిప్పుగూటి పైకప్పు మీద నీళ్ళు లేకుండా పోతే ఆ లోహం కాలి మెత్తబడి బాయిలరు పేలిపోగలదు. బుడ్డి ముందువైపు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల పొడవున కాగితపు టేపు నిలువుగా అతికించాను. అన్ని రంగులూ అయ్యాక ఆ టేపు తీసేస్తే అక్కడ ఉత్త గాజు మిగులుతుంది, అదే నీటిమట్టపు గొట్టం. దాని పైకొసకూ కిందికొసకూ సైకిలు షాపులో దొరికిన రెండు ఇత్తడి నట్లు చాలు. గాజు చేయవలసిన పని గాజే చేస్తుంది.

ఇక రివెట్లు. బాయిలరు రేకులను కలపడానికి అతుకు పొడుగునా వరుసగా కొట్టే మేకుల తలలవి. అవి లేనిదే బాయిలరులా కనబడదు. వంటింట్లో పప్పుల డబ్బాలు తీసి చూశాను. కందిపప్పు బద్ద ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా అచ్చం రివెట్టులాగే ఉంది గానీ, ఇంత చిన్న బుడ్డి మీద మరీ పెద్దదైంది. పెసరపప్పు కోలగా ఉంది. చివరకు ఎం-సీల్ తెచ్చాను, రెండు ముద్దలు కలిపితే గట్టిపడే లప్పం అది. రెండు ముద్దలనూ చారలన్నవి లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసికి, వేళ్ళు తడి చేసుకుంటూ, ఆవగింజ కన్నా కొంచెం పెద్దవిగా ఉండలు చేశాను. ముద్ద అరగంటలో బిగుసుకోవడం మొదలుపెడుతుంది కనుక కొంచెం కొంచెమే కలుపుకోవాలి. అట్టముక్కను సన్నని పట్టీగా కత్తిరించి బుడ్డి చుట్టూ అతికించి, దాని మీద ఈ ఉండలను పెట్టి, ఖాళీ అయిన పెన్ను రీఫిల్లు కొసతో ఒక్కొక్కదానినీ మెల్లగా నొక్కాను. నొక్కిన ప్రతిచోటా గుండ్రని అంచు పడి, సుత్తిదెబ్బ తిన్న మేకుతలలా తేలింది. దారంతో కొలిస్తే బుడ్డి చుట్టుకొలత 19 సెంటీమీటర్లు వచ్చింది. 6 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున పైపట్టీకి 32, అడుగుపట్టీకి 32. ముందుగా కాగితపు పట్టీ మీద గుర్తులు పెట్టుకుని పెట్టినందువల్ల వరుస ఎక్కడా వంకర పోలేదు. నీటిగొట్టం అడ్డం వచ్చే చోట పట్టీని ఆపి, ఆ అంచుల వెంట కూడా నాలుగేసి రివెట్లు వేశాను.

రంగులో నేను నేర్చుకున్నది ఒక్కటే: ముందు నలుపు, తరువాత లోహం. మొత్తం నలుపు వేసి బాగా ఆరనిచ్చి, చదునైన కుంచెను ఇనుపరంగులో ముంచి, పాతగుడ్డ మీద దాదాపు రంగంతా తుడిచేసి, మిగిలిన ఆ పొడిపొడి రంగుతో పైపైన రాయాలి. ఎత్తుగా ఉన్నచోట మాత్రమే రంగు అంటుకుంటుంది, పల్లాలలో నలుపు నిలిచిపోతుంది. రివెట్టు తల మెరుస్తుంది, దాని చుట్టూ మసి పేరుకున్నట్టు ఉంటుంది. చాలా ఏళ్ళు పనిచేసిన ఇనుము ఎలా ఉంటుందో అలా రావాలంటే ఈ తొందరలేని రాపిడి తప్ప దగ్గరదారి నాకు కనబడలేదు. పట్టీలకు ఇనుపరంగు మీద వంపు దగ్గర, అతుకు దగ్గర, నీరు కారే చోట మాత్రమే ఇటుకరంగులో కొంచెం వంటసోడా కలిపి అద్దాను. సోడా పలుకులు తుప్పులాగా గరుకుగా తేలాయి. తుప్పు అంతటా వేయకూడదు. తడి ఎక్కడ నిలుస్తుందో అక్కడే పడుతుంది.

రాగి గొట్టాలకు మోటారు వైండింగ్ షాపులో కాలిపోయిన చుట్ట నుంచి తీసిన రాగితీగ తెచ్చాను. షాపు అబ్బాయి డబ్బు తీసుకోలేదు. తీగ మీది పూతను వాటర్ పేపరుతో గీకితే లోపలి ఎరుపు బయటపడింది, కాలిన చోట ముదురు గోధుమరంగు అలాగే వదిలేశాను. ఒత్తిడి మీటరు నుంచి బాయిలరుకు వెళ్ళే తీగను పెన్ను చుట్టూ ఒక చుట్టు తిప్పి పెట్టాను. చూసినవారు దానిని అలంకారమనుకుంటారు గానీ, నిజమైన మీటరు కింద కూడా అటువంటి చుట్ట ఉంటుంది. అందులో ఆవిరి చల్లబడి నీరై నిలుస్తుంది, వేడి ఆవిరి నేరుగా మీటరును తాకకుండా ఆ నీరు అడ్డుపడుతుంది. ఫ్రాన్సు దేశపు యూజెన్ బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్న మీటరు ఇప్పటికీ బాయిలర్ల మీద కనబడుతుంది. లోపల వంపు తిరిగిన గొట్టం ఒత్తిడికి కొంచెం చాపుకుని ముల్లును కదుపుతుంది. నా మీటరులో అటువంటిదేమీ లేదు. పాత చేతివాచీ అద్దం కింద, కాగితం మీద తెలుగు అంకెలలో సున్న నుంచి నూరు వరకు నల్ల సిరాతో రాసి, అలారం గడియారపు చిన్న ముల్లును అతికించాను. ముల్లును డెబ్భై దగ్గర నిలిపాను. ఎర్రగీత నూరు దగ్గర గీశాను.

గడియారాలు విప్పేవారికి ఒక హెచ్చరిక చెప్పాలి. కీ ఇచ్చి ఉన్న గడియారంలో స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది. దానిని మెల్లగా వదలకుండా పలకలు విప్పితే ఒక్కసారిగా చెదిరి వేళ్ళు కోస్తుంది. వాచీల దుకాణం ఆయన దానిని వదిలించాకే గడియారాన్ని నా చేతికిచ్చారు. చీకట్లో మెరిసే అంకెలున్న పాతకాలపు డయళ్ళను ముట్టుకోవద్దని కూడా చెప్పారు, అది సరైన మాటే. 1960ల వరకు ఆ రంగులో రేడియం వాడేవారు. గీకితే దాని పొడి లోపలికి పోతుంది.

చక్రాలు మూడే పెట్టాను, వరుసగా. వాటిలో పెద్దదానికి 64 పళ్ళు, దాని పక్కన ఉన్న చిన్న పళ్ళచక్రానికి, అంటే పినియన్‌కు 8. అంటే పెద్దది ఒక చుట్టు తిరిగితే చిన్నది ఎనిమిది చుట్లు తిరగాలి. పినియన్ పక్కన మరొక చక్రం. వాటిని కిరోసిన్‌లో నానబెట్టి పాత నూనె వదిలించి, సబ్బుతో కడిగి, స్పిరిట్ తుడిచాకే జిగురు జోలికి వెళ్ళాను. రెండు గొట్టాల్లో వచ్చే ఎపాక్సీని సమపాళ్ళలో కలిపి అంటించాను. తెల్ల జిగురు చెక్కకూ కాగితానికీ మంచిదే గానీ, గాజుకూ ఇత్తడికీ మధ్య దానిలోని తడి బయటకు పోయే దారి ఉండదు. ఎపాక్సీ బిగుసుకోవడానికి సమయం తీసుకుంటుంది, ఈలోగా నిలువుగోడ మీది చక్రం మెల్లగా కిందికి జారుతుంది. అందుకని పెద్ద పళ్ళెంలో బియ్యం పోసి, బుడ్డిని అందులో వెల్లకిలా సగం పాతి, చక్రాలున్న వైపు పైకి ఉండేలా ఒక రాత్రీ ఒక పగలూ కదపకుండా ఉంచాను. గుండ్రని వస్తువును కదలకుండా పట్టుకోవడానికి బియ్యాన్ని మించినది లేదు.

బుడ్డి కూర్చునే కుదురు కోసం మాత్రం ఇంట్లోని వస్తువునే వాడాలనుకున్నాను. సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి పేరు పొందిన ఊరు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అమ్మ పెళ్ళికి అమ్మమ్మ ఇచ్చిన బుడితి చెంబు ఒకటి అడుగు చిల్లిపడి అటక మీదే ఉండేది. దాని మూతి వలయాన్ని ఒక ఇత్తడి పనివారి చేత కోయించాను. అమ్మ అడ్డుచెప్పలేదు, పైగా "ఇది కూడా దానితోపాటే టెక్కలి వెళ్ళనీ" అంది. ఆ వలయానికి చిలుము పట్టించడం ఒక ముచ్చట. మనం జీవితమంతా చింతపండుతో తోమి వదిలించే చిలుమును పనిగట్టుకుని రప్పించాలి. మూత ఉన్న డబ్బా అడుగున వెనిగర్ పోసి, అందులో మునగకుండా ఒక జల్లెడ మీద వలయాన్ని పెట్టి, దాని మీద తడిగా ఉండగానే ఉప్పు చల్లి మూత పెట్టాను. రెండవరోజుకు అంచుల్లో నీలం కలిసిన ఆకుపచ్చ పూత మొదలైంది, నాలుగోరోజుకు పూలచెట్టు మీది నాచులా నిలిచింది. తీసి, నీళ్ళలో ఊరికే ముంచి, ఎండబెట్టాను. రాగి చిలుము విషమన్నది మన పెద్దలకు తెలిసిన సంగతే, ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించడం అందుకే. చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు, ఇటువంటి బుడ్డిని మళ్ళీ సోడా తాగడానికి వాడకూడదు.

చివరగా వార్నిష్. మెరుపు లేని రకం ఎంచుకున్నాను, లేకపోతే తుప్పూ చిలుమూ నిమిషంలో ప్లాస్టిక్కులా కనబడతాయి. మబ్బు పట్టిన రోజున దీనిని కొట్టకూడదు. గాలిలో తేమ ఎక్కువైతే పూత కింద చెమ్మ చిక్కుకుని తెల్లగా పొగచూరుతుంది. సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్న మనకు ఈ జాగ్రత్త మరీ అవసరం. మధ్యాహ్నం మేడ మీద, మెడా భుజమూ కాగితంతో కప్పి, మూడు పలుచని పూతలు వేశాను. తరువాత నీటిగొట్టం మీది టేపును మెల్లగా, పక్కకు లాగుతూ తీశాను. అంచు ఎక్కడా చిరగలేదు. నల్లని ఇనుప బాయిలరు మధ్యలో లేత ఆకుపచ్చ గాజు సన్నని గీతలా వెలిగింది. దాని పక్కన సగం ఎత్తున సన్నని ఇత్తడి తీగముక్కతో ఒక గుర్తు పెట్టాను.

మొత్తం పదకొండు రోజులు పట్టింది. అందులో చేసిన పని కన్నా ఆరడానికి వేచి ఉన్న సమయమే ఎక్కువ. ఖర్చు 500 రూపాయలు దాటలేదు. అందులో సగం వార్నిష్‌కే.

టెక్కలికి దానిని ఒడిలో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. హోమం, ఆశీర్వచనం, భోజనాలు అన్నీ అయ్యి, ఇల్లు కొంచెం సద్దుమణిగాక మావయ్య వాలుకుర్చీలో కూర్చున్నప్పుడు ఇచ్చాను. ఆయన ముందు దానిని చెవి దగ్గర పెట్టుకుని కదిపారు. గోలీ గలగలమంది.

"ఇదేటమ్మా, మన సోడాబుడ్డేనా?" అన్నారు.

అవునన్నాను. కళ్ళజోడు తెమ్మని, తెచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. భుజం మీది అక్షరాల మీద బొటనవేలు రెండుసార్లు రాశారు. చక్రాల దగ్గర ఆగి, పెద్దదాని మీద వేలు పెట్టి గాలిలో కుడికి తిప్పారు, తరువాత పినియన్ మీద ఎడమకు, మూడవదాని మీద మళ్ళీ కుడికి. తల ఊపారు. మీటరు ముల్లు చూసి నవ్వారు. చివరకు నీటిగొట్టం దగ్గరికి వచ్చారు. అదేమిటో నేను చెప్పబోయేలోగా, ఆయన లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చుకున్నారు.

బుడ్డిని అరుగు మీద పెట్టి, మూతిలోకి సన్నని ధారగా పోయడం మొదలుపెట్టారు. నీళ్ళు గోలీ పక్కల నుంచి లోపలికి దిగాయి. ఇనుపరంగు వెనక ఏమీ కనబడలేదు. సన్నని గాజుగీతలో మాత్రం నీటిమట్టం కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. పిల్లలందరూ చుట్టూ చేరారు. ఇత్తడి గుర్తు దాటి ఒక వేలెడు పైకి రాగానే మావయ్య చెంబు పక్కకు తీసేశారు. ఇంకా పొయ్యమని మనవడు అడిగాడు.

"చాలు బాబూ. పైన ఆవిరికి చోటుండాల కదా" అన్నారు.